ముగింపు గల ట్రైలర్

గౌరునాయుడు ట్రైలర్లు కోస్తాడు. రెండు గంటల సినిమాని నిమిషంన్నరకు కుదించి, చూసినవాడు ఇంటికెళ్ళి అన్నం తింటూ కూడా "ఇంతకీ ఆ తలుపు వెనక ఎవరున్నారు చెప్మా" అనుకునేలా చేయడం అతని పని. కృష్ణానగర్‌లో ఒక మేడ మీద చిన్న గది, గదిలో ఒక కంప్యూటరు, గోడకి బొబ్బిలి నుంచి తెచ్చుకున్న వాళ్ళమ్మ ఫోటో. పరిశ్రమలో అతనికి మంచి పేరుంది. నాయుడు కోస్తే సగం మాట మీద కోస్తాడని చెప్పుకునేవారు. హీరోయిన్ "నేను నిన్ను..." అనగానే తెర నల్లబడేది. ఆ మిగతా మాట కోసం జనం టిక్కెట్లు కొనేవారు. చాలా సినిమాల్లో ఆ మిగతా మాట "...బస్టాండులో చూశాను" అని తేలేది గానీ, అది నాయుడి తప్పు కాదు.

ఈ సగం మాటల వల్లే చిక్కొచ్చింది. ప్రభుత్వంలో చాలా పెద్ద పదవిలో ఉన్న ఒకాయన, మనవరాలు మారాం చేస్తే, ట్రైలర్ చూసి ఒక సినిమాకి వెళ్ళారు. ట్రైలర్‌లో రైలుకి ఎదురుగా ఒక ఏనుగు పరిగెత్తుకొస్తుంది. రెండూ గుద్దుకోబోతుండగా తెర నల్లబడుతుంది. తీరా సినిమాలో చూస్తే అదొక కల. పోనీ హీరోకి వచ్చిన కలా అంటే అదీ కాదు, హీరో స్నేహితుడికి వచ్చిన కల. పెద్దాయన ఇంటర్వెల్లోనే లేచి బయటికొచ్చి, "పౌరుడికి సగం సమాచారమిచ్చి ప్రేక్షకుణ్ణి చేయడం ఎలాంటి పాలన?" అని అడిగారు. దానికీ పాలనకీ సంబంధమేమిటని పక్కనున్నవాళ్ళెవరూ అడగలేదు. ముందు ఒక కమిటీ వేశారు. ఆ కమిటీ తన బదులు ఒక మండలి ఉండాలని సిఫార్సు చేసింది.

అలా పుట్టింది ప్రచార చిత్ర కథన సమగ్రతా మండలి. దానికి అధ్యక్షులు ఆచార్య చిదంబరమూర్తి గారు. ఆయన జీవితమంతా కథనశాస్త్రం బోధించారు. కథ ఎలా ముగియాలి అన్న విషయం మీద ఆయన మొదలుపెట్టిన గ్రంథం ఇంకా ముగియలేదని గిట్టనివాళ్ళు అనేవారు. మండలి మొదటి ఉత్తర్వు ఇలా ఉంది: "ప్రతి ట్రైలరూ ఒక కథనమే. కథనమైనందున దానికి ముఖ, ప్రతిముఖ, గర్భ, విమర్శ, నిర్వహణ సంధులైదూ అనివార్యం. నిర్వహణ సంధి లోపించిన ట్రైలర్‌ను ప్రదర్శించడం పౌరుల పట్ల కథాపరమైన వంచనగా పరిగణించబడుతుంది." మామూలు మాటల్లో చెప్పాలంటే, ట్రైలర్‌లో కథ మొదలై, ముడిపడి, ముడి విడి, పూర్తయి తీరాలి.

ఉత్తర్వు వచ్చేనాటికి నాయుడు తన కూతురి సినిమాకి ట్రైలర్ కోస్తున్నాడు.

హైమ అతనికి ఒక్కతే కూతురు. తండ్రి గదిలో స్టూలు మీద కూర్చుని తెరలు చూస్తూ పెరిగిన పిల్ల. దర్శకురాలిగా ఇదే ఆమె మొదటి సినిమా, పేరు "రెండో తాళంచెవి". రిటైరైన స్టేషన్ మాస్టర్ గారిని తాళం వేసిన గదిలో ఎవరో చంపేస్తారు. ఎవరన్నదే కథ. చంపింది రోజూ ఆయనకి ఇంజెక్షన్ ఇచ్చి, చివరికి శవం దగ్గర అందరికంటే గట్టిగా ఏడ్చిన కాంపౌండరు. ఆ సంగతి చివరి రీలు దాకా ఎవరికీ తట్టకూడదని హైమ ఏళ్ళ తరబడి కష్టపడింది. కాంపౌండరు వేషం వేసిన నటుడికి కూడా చివరి రోజు షూటింగు దాకా చెప్పలేదు. చెప్పాక ఆయన పాపం నిజంగానే ఏడ్చాడు.

నిర్మాత అలివేలు గారిది పాలకొల్లు. రొయ్యపిల్లల హేచరీల్లో సంపాదించి, కథ విన్న పూటే సినిమాకి సరేనన్న మనిషి.

నాయుడు తన చేతనైనంత బాగా ట్రైలర్ కోశాడు. చివర్లో ఒక చెయ్యి తాళంలో చెవి తిప్పుతుంది, తలుపు కిర్రుమంటుంది, స్టేషన్ మాస్టర్ గారి భార్య తలెత్తి చూసి "మీరా..." అంటుంది. తెర నల్లబడుతుంది. హైమ దాన్ని రెండుసార్లు వేయించుకుని చూసింది. "కథ నేనే రాశాను గదా నాన్నా, నాకే ఒళ్ళు జలదరించింది" అంది.

మండలి కార్యాలయంలో దాన్ని వేసి చూపించారు. చిదంబరమూర్తి గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఎవరు వచ్చారు?" అని అడిగారు.

"అది సినిమాలో చూడాలండి" అన్నాడు నాయుడు చేతులు కట్టుకుని.

"అంటే ఈ మండలి ఎదుట మీరు నిర్వహణ సంధిని దాచిపెడుతున్నట్టు అంగీకరిస్తున్నారా?"

"దాచడం గాదండి. ఉత్కంఠ కోసం..."

పక్కనే ఉన్న కార్యదర్శి ఇందీవర గారు పెన్ను పైకెత్తారు. ఆమె మర్యాద తెలిసిన మనిషి, నిబంధనలు ఇంకా బాగా తెలిసిన మనిషి. "ఉత్కంఠ అనేది సమాచార లోపం వల్ల పౌరులలో కలిగే అస్వస్థత అని మండలి నిర్వచించింది నాయుడు గారూ. మీరు దాన్ని ఉద్దేశపూర్వకంగా కలిగిస్తున్నామంటే నేను అలాగే రాసుకోవాల్సి వస్తుంది."

"రాయకండమ్మా" అన్నాడు నాయుడు కంగారుగా.

అతను గదికి తిరిగొచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. హంతకుడి మొహం చూపించే షాటు తెర మీదుంది. దాన్ని ట్రైలర్‌లోకి లాగడానికి చెయ్యి రాలేదు. ఇన్నేళ్ళలో వందల సినిమాల గుట్లు అతని కడుపులో ఉన్నాయి. భార్యకి కూడా ఒక్కటీ చెప్పలేదు. ఇప్పుడు కన్నకూతురి గుట్టు ఊరంతా చాటింపు వేయాలి.

"వెయ్యి నాన్నా" అంది హైమ వెనకనుంచి. "పండక్కి హాళ్ళు దొరికాయి. ఇప్పుడు గాని ఆగిపోతే అలివేలు గారు ఏమైపోవాలి?"

"నువ్వేటైపోవాలమ్మా?"

ఆమె తండ్రి చెయ్యి తీసి మౌస్ మీద పెట్టింది. అతను కాంపౌండరు మొహాన్ని ట్రైలర్ చివర అతికించాడు. ఆ పూట ఇద్దరూ అన్నం తినలేదు.

రెండోసారి మండలి ముందుకెళ్ళారు. కాంపౌండరు మొహం కనబడగానే చిదంబరమూర్తి గారు సంతోషంగా తలాడించారు. వెంటనే నుదురు ముడేశారు.

"హంతకుడు తెలిశాడు, సంతోషం. ఎందుకు చంపాడు? కార్యం ఉంది, కారణం లేదు. కారణం లేని కార్యం కథనం కాదు, కేవలం వార్త."

నాయుడు కారణం కలిపాడు. కారణం పాతది కావడంతో కాంపౌండరు చిన్నతనం కూడా కలపాల్సొచ్చింది. మూడోసారి వెళితే, స్టేషన్ మాస్టర్ గారి భార్యకి దుఃఖం నుంచి ధైర్యానికి సాగే పాత్ర ప్రయాణం కనిపించలేదన్నారు. అదీ కలిపాడు. నాలుగోసారి ఇందీవర గారు ఒక కుక్కను చూపించారు.

"ఈ శునకం ఆరంభంలో మొరుగుతోంది. మధ్యలో మౌనంగా ఉంది. ఈ పరివర్తనకు హేతువు?"

"మొరిగేటప్పుడు బిస్కెట్ లేదండి. తర్వాత ఇచ్చాం" అంది హైమ.

"ఆ బిస్కెట్ ఇచ్చే దృశ్యం చేర్చగలరు."

ఈలోగా మిగతా పరిశ్రమ కూడా ఇదే దారిలో నడుస్తోంది. ఒక పౌరాణిక చిత్రం ట్రైలర్‌ను సృష్టితో మొదలుపెట్టి ప్రళయంతో ముగించారు. మధ్యలో టైటిల్ వేయడానికి చోటు చాల్లేదు. ఒక ప్రేమకథకి, పెళ్ళితో సమస్థితి వచ్చినట్టు కాదు, కాపురం కుదుటపడాలి అని మండలి పట్టుబట్టడంతో, ట్రైలర్ చివర హీరో, హీరోయిన్లు చింతపండు నానబెట్టడం గురించి వాదించుకుని రాజీపడే సన్నివేశం కొత్తగా తీశారు. రెండు భాగాల సినిమా తీస్తున్న ఒక పేరున్న దర్శకుడైతే, రెండో భాగం ఇంకా రాయనే లేదని మొత్తుకున్నాడు. ట్రైలర్‌కి ముగింపు కావాలి కాబట్టి మండలి సభ్యులే కూర్చుని రాసిచ్చారు. అందులో అందరూ క్షమించుకుంటారు.

ట్రైలర్లు పెరిగి పెరిగి అరగంటా, ముప్పావుగంటా అయ్యాయి. సినిమాకి ముందు నాలుగు ట్రైలర్లు వేసేసరికి మ్యాటినీకి వచ్చినవాళ్ళు ఫస్ట్ షో వాళ్ళతో సీట్ల కోసం కొట్లాడుకోసాగారు. గంట దాటిన ట్రైలర్‌కు విశ్రాంతి సమయం తప్పనిసరి అని మండలి దయతో ఇంకో ఉత్తర్వు ఇచ్చింది. సమోసాలు అమ్మేవాళ్ళు తప్ప అందరూ తల పట్టుకున్నారు.

కుక్కకి బిస్కెట్ కలిపాక కూడా "రెండో తాళంచెవి" ట్రైలర్ వెనక్కొచ్చింది. ఈసారి బిస్కెట్ ఇచ్చిన పనిమనిషి ఎవరో పరిచయం చేయలేదన్న కారణం మీద. ఆ కబురు వినగానే అలివేలు గారు పాలకొల్లు నుంచి కారు కట్టించుకుని వచ్చేశారు. ఎడిట్ గదిలో కుర్చీలో కూలబడి, చల్లటి నీళ్ళు తాగి, నాయుడి వంక చూశారు.

"అయ్యా నాయుడు గారూ, ఇప్పుడు మీ ట్రైలర్ ఎంతుందండీ?"

"గంటా నలభై నిమిషాలండి."

"సినిమా ఎంతండీ?"

"రెండు గంటలు."

"ఆ ఇరవై నిమిషాలు మాత్రం ఎందుకండీ మొహమాటం? మొత్తం సినిమానే ట్రైలరని చెప్పి పంపించెయ్యండి. ఏం చేస్తారో అదీ చూద్దామండి. ఆయ్, నాకూ విసుగొచ్చేసిందండి బాబూ!"

కోపంలో అన్న మాటే గానీ, చేయడానికి వేరే దారి లేదు. పంపించారు.

మండలి మొత్తం కూర్చుని చూసింది. విశ్రాంతి సమయంలో సభ్యులు వరండాలో నిలబడి హంతకుడు ఎవరై ఉంటాడని గొడవపడ్డారు. ఇన్నిసార్లు చూసిన విషయమే మర్చిపోయారు. దీపాలు వెలిగాక చిదంబరమూర్తి గారి కళ్ళు చెమ్మగిల్లి ఉన్నాయి.

"ఈ మండలి స్థాపించిన నాటి నుంచి నేను ఎదురుచూస్తున్న ట్రైలర్ ఇదే" అన్నారాయన. "ఐదు సంధులూ పరిపూర్ణం. ఒక్క ప్రశ్న కూడా మిగల్లేదు. శునకానికి కూడా న్యాయం జరిగింది."

అనుమతి పత్రం అక్కడికక్కడే చేతికిచ్చారు. అలివేలు గారు దాన్ని కళ్ళకద్దుకున్నారు. అంతలో ఇందీవర గారు సౌమ్యంగా, "ఇక సినిమాను ఎప్పుడు సమర్పిస్తారు?" అని అడిగారు.

ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు.

"ఇదేనండీ సినిమా" అన్నాడు నాయుడు.

"క్షమించాలి. ఇది ట్రైలర్. ఇప్పుడే ధ్రువీకరించాం. ట్రైలర్‌నే మళ్ళీ సినిమాగా ప్రదర్శిస్తే పునరుక్తి దోషం. ట్రైలర్‌లో లేనిదేదో ఒకటైనా సినిమాలో ఉండాలని ఉపనిబంధన."

కథలో ఉన్నదంతా ఊడ్చి పెట్టేశాం, ఇంకేం మిగిలిందని అనుకున్నాడు నాయుడు. అలివేలు గారు పమిట కొంగుతో మొహం తుడుచుకుంటూ గోదారి జిల్లాల్లో మాత్రమే అర్థమయ్యే ఒక మాట మెల్లగా అన్నారు.

హైమ మాత్రం ఇందీవర గారి వైపే చూస్తోంది. చిన్నప్పుడు స్కూల్లో ఏదో తుంటరి పని చేసే ముందు ఆ పిల్ల మొహం ఎలా ఉండేదో నాయుడికి బాగా తెలుసు. ఇప్పుడు అలాగే ఉంది.

"మేడమ్, ఒక చిన్న సందేహం" అంది హైమ. "సినిమాకి కూడా ఐదు సంధులుండాలని రూలుందా అండి?"

"లేదు. సంధుల విషయంలో మా పరిధి ట్రైలర్ల వరకే."

"ముగింపు లేకపోయినా ఫర్వాలేదా?"

ఈసారి చిదంబరమూర్తి గారే అందుకున్నారు. "అమ్మాయీ, సినిమా కళ. కళకు సంకెళ్ళు వేయడం ఈ మండలి అభిమతం కానే కాదు. అసంపూర్ణత ఆధునిక కళకు అలంకారం."

"నిడివి?"

"కళకు కొలతలేమిటి?"

మర్నాడు హైమ సినిమాని సమర్పించింది. తండ్రి మొట్టమొదట కోసిన నిమిషంన్నరే అది. తాళం తిరుగుతుంది, తలుపు కిర్రుమంటుంది, "మీరా..." అనగానే తెర నల్లబడుతుంది. అది మొదలైన క్షణం నుంచి నాయుడు తెర వదిలేసి మండలి సభ్యుల మొహాలే చూశాడు. దీన్ని వీళ్ళు గుర్తుపట్టరా? గుర్తుపట్టారు కూడా. ఇందీవర గారు పాత ఫైలు తెప్పించి చూసి, "ఇది ట్రైలర్‌గా తిరస్కరించబడిన చిత్రం. సినిమాగా తిరస్కరించబడలేదు" అన్నారు. చిదంబరమూర్తి గారు గడ్డం నిమురుకున్నారు.

"ట్రైలర్‌లో లేనిదేదో సినిమాలో ఉండాలన్నాం కదా. ట్రైలర్‌లో నిశ్చయం ఉంది. ఇందులో అనిశ్చయం ఉంది. అద్భుతం. చాలా ఏళ్ళ తర్వాత ఒక నిజమైన సినిమా చూశాను."

సినిమా పండక్కి విడుదలైంది. టిక్కెట్టు నిమిషంన్నర సినిమాకే. దానికి ముందు రెండు గంటల ట్రైలర్ ఉచితం. మొదటి రోజు నాయుడు, హైమ ఒక హాల్లో వెనక గోడకి ఆనుకుని నిలబడ్డారు. ట్రైలర్ ఆడుతున్నంతసేపూ జనం కదల్లేదు. కాంపౌండరు మొహం చూపించినప్పుడు హాలంతా ఒక్కసారి "అమ్మో" అంది. హైమ తండ్రి చెయ్యి గట్టిగా పట్టుకుంది. దీపాలు వెలిగాయి. జనం లేచి చెప్పులు వెతుక్కుంటున్నారు.

అప్పుడు మళ్ళీ దీపాలారి సినిమా మొదలైంది. సంగీతం వినబడగానే బయటికి వెళ్ళేవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. కొందరు మెట్ల మీదే కూర్చున్నారు. అంతా తెలిసిన కథే. ఎవరు చంపారో, ఎందుకు చంపారో, కుక్క ఎందుకు మొరగలేదో, అంతా తెలుసు. అయినా తాళంచెవి తిరుగుతుంటే హాల్లో చప్పుడు లేదు. నాయుడి ముందు నిలబడిన ఒక పెద్దావిడ, చంకలో నిద్రపోతున్న పిల్లని సర్దుకుంటూ, మొగుడితో, "ఈసారి వాడు కాదేమోనండీ" అంది.

తెర నల్లబడింది. నాయుడు మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. తుడుచుకున్నదేమిటో కూతురు అడగలేదు.

హాళ్ళు నిండాయి. ఏడాది చివర్లో పురస్కారాలు ప్రకటించారు. ఉత్తమ చిత్రం "రెండో తాళంచెవి". నిమిషంన్నర నిడివిని సంక్షిప్తతకు పరాకాష్ఠగా న్యాయనిర్ణేతలు కొనియాడారు. ఉత్తమ నూతన దర్శకుడు గౌరునాయుడు, ఎందుకంటే ఆ నిమిషంన్నర చేసింది అతనే. రెండు గంటలది తీసిన హైమకి ఉత్తమ ట్రైలర్ పురస్కారం వచ్చింది. అది వేరే విభాగం, పకోడీ నూనె ప్రకటనలతో కలిపి ఇస్తారు.

నాయుడికి నిద్ర పట్టలేదు. తిన్నగా చిదంబరమూర్తి గారి ఇంటికెళ్ళి, "అయ్యా, తప్పు జరిగింది. సినిమా మా అమ్మాయి తీసింది. నేను కోశానంతే" అని దండం పెట్టాడు.

"మీ వినయం మీ చిత్రంలోనే కనిపించింది" అన్నారు ఆచార్యులు. "చెప్పగలిగి కూడా చెప్పకుండా ఆపారు."

తిరిగొచ్చి కూతురి ముందు తల వంచుకుని కూర్చున్నాడు. "నీ నోటికాడ కూడు నేను లాక్కున్నట్టుందమ్మా" అన్నాడు.

హైమకీ కష్టంగానే ఉంది, దాచుకోలేదు కూడా. ఆ సాయంత్రం మేడ మీద టీ తాగుతూ ఉన్నట్టుండి అడిగింది.

"నాన్నా, నువ్వు బొబ్బిలి నుంచి వచ్చింది ట్రైలర్లు కోయడానికేనా?"

నాయుడు గ్లాసు కింద పెట్టాడు. "డైరెక్షన్ చేద్దామనొచ్చాన్లే. అందరూ అందుకే వస్తారు."

"కథుందా?"

"ఉండేది. ఒకే ముహూర్తానికి రెండు పెళ్ళిళ్ళకి బయానా పుచ్చుకున్న సన్నాయి మేళం కథ. అన్నగారు ఒక ఊరు, తమ్ముడు ఒక ఊరు పోవాలి. ఇద్దరికీ కలిపి డోలు ఒకటే." చెబుతూ చెబుతూ అతను లేచి నిలబడ్డాడు. ఆ డోలు ఏరు దాటే చోట చేతులతో చూపించాడు. పక్కింటి మేడ మీద బట్టలు తీస్తున్నవాళ్ళు కూడా ఆగి విన్నారు. చివర దాకా చెప్పాడు. హైమ కళ్ళు తుడుచుకునేంత నవ్వింది.

"ఇది తియ్యి నాన్నా. మండలివాళ్ళ లెక్కలో ట్రైలరంటే రెండు గంటలు కదా, ఆ ట్రైలర్ నువ్వు తియ్యి. సినిమా నేను కోస్తాను."

"నిమిషంన్నరా?"

"నిమిషానికే ఆపేస్తాను."

అలివేలు గారు ఫోన్లో సగం కథ వినగానే సరేనన్నారు. ప్రకటన వెలువడ్డాక ఒక పత్రిక సినిమా పేజీలో ఎవరో జాలిపడుతూ రాశారు: తొలి చిత్రంతోనే అంత పేరు తెచ్చుకున్న గౌరునాయుడు పాపం, అవకాశాలు లేక మళ్ళీ ట్రైలర్లకే దిగిపోయారు. నాయుడు దాన్ని చదవలేదు. అప్పటికి బొబ్బిలి అవతల ఒక ఏటి ఒడ్డున, పంచె ఎగగట్టి మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, "డోలు పైకెత్తండర్రా, తడిసిపోద్ది!" అని గొంతు చించుకుంటూ తన మొదటి షాటు తీస్తున్నాడు.